ఎమోషన్ కోచింగ్

పిల్లల పెంపకం, చదువుల వార్తల్లో ఈమధ్య తరచూ కనిపిస్తున్న మాట ‘ఎమోషన్ కోచింగ్’. పిల్లలకు కోపమో భయమో దుఃఖమో కలిగితే కసురుకోకుండా దాన్ని గుర్తించి, అదేమిటో వాళ్లకు మాటల్లో చెప్పి, ఏం చేయాలో కలిసి ఆలోచించడమే ఇది. ‘ఏడుపు ఆపు’ అనే బదులు ‘బొమ్మ విరిగిందని బాధగా ఉందా?’ అని అడగడం. అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ బృందం 56 కుటుంబాలను పరిశీలించి 1996లో ఫలితాలు ప్రచురించింది. ఐదేళ్ల వయసులో ఇలాంటి పెంపకం అందినవారు ఎనిమిదేళ్లకు లెక్కల్లో, చదవడంలో ముందున్నారు. తెలివితేటల్లో తేడాలను మినహాయించి చూసినా అంతే. ఉద్వేగం త్వరగా చల్లారితే ధ్యాస మళ్లీ పాఠం మీదికి వస్తుందన్నది దీనికి చెప్పే కారణం.

ఇంత తక్కువ కుటుంబాలతో కార్యకారణ సంబంధం తేలదన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే బడుల్లో భావోద్వేగ నైపుణ్యాలు నేర్పిన 213 కార్యక్రమాలను, సుమారు 2.7 లక్షల మంది విద్యార్థులను 2011లో సమీక్షించినప్పుడూ చదువు సగటున 11 పర్సంటైల్ పాయింట్లు మెరుగైంది. అది పెంపకం గురించి కాదు కానీ, దిశ ఒకటే. ఇక గారాబం అవుతుందన్న భయం నిలవదు. ఇందులో ఒప్పుకునేది కోపాన్నే కానీ, ఆ కోపంలో తమ్ముణ్ని కొట్టడాన్ని కాదు. గాట్‌మన్ చెప్పిన అయిదు మెట్లలో చివరిది హద్దులు గీయడమే.