రంగం దారి మళ్లీ తెరుచుకోవాలంటే

కోటబొమ్మాళి వాళ్లకు సరిహద్దు అనగానే ముందు తట్టేది ఒడిశా. టెక్కలి మీదుగా పర్లాకిమిడి వెళ్లి రావడానికి ఒక పూట చాలు. పెళ్లి సంబంధాలు, పశువుల బేరాలు, చేబదుళ్లు ఆ గీతను పట్టించుకోకుండానే సాగిపోతాయి. మనకు ఇంకో సరిహద్దు తూర్పున ఉంది. సంతబొమ్మాళి మండలం దాటితే సముద్రం, దాని అవతలి ఒడ్డున బర్మా. ఇప్పుడు దాని పేరు మయన్మార్. అదే సంతబొమ్మాళి మండలంలోని మూలపేటలో 2023 ఏప్రిల్‌లో రేవుకు శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి ఓడలు, ఉద్యోగాలు, ఎగుమతుల మాటలు తరచూ వినిపిస్తున్నాయి. రేవు కట్టినంత మాత్రాన అవతలి ఒడ్డుతో సంబంధం కుదురుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఆ సంబంధం ఒకప్పుడు ఉండేది. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. కోటబొమ్మాళి, టెక్కలి ప్రాంతాలు 1936కు ముందు గంజాం జిల్లాలో ఉండేవి. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఏటా వేల మంది కూలీలు రంగూన్‌కు ఓడెక్కేవారు. మన పెద్దవాళ్లు దాన్ని రంగం అనేవారు. కళింగపట్నం, బారువ అప్పట్లో స్టీమర్లు ఆగే రేవులు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఓడ ఛార్జీ కూడా ఆ బాకీలోకే వెళ్లేది. అది తీరేదాకా కూలీ బియ్యం మిల్లులోనో, రేవులోనో, రిక్షా లాగుతూనో పని చెయ్యాల్సిందే. తిరుగు దిక్కున బర్మా బియ్యం, టేకు మద్రాసు రాష్ట్రానికి వచ్చేవి. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా తేలారు. రంగూన్ నగరంలో సగానికి మించి మనవాళ్లే.

ఇంత పెద్ద సంబంధం ఎందుకు తెగిపోయింది? మామూలుగా యుద్ధమే కారణమంటారు. 1941 డిసెంబర్‌లో జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. లక్షల మంది కొండలు, అడవులు దాటుకుని కాలినడకన బయల్దేరారు, దారిలోనే చాలామంది చనిపోయారు. కానీ పగులు అంతకు ముందే పడింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడలకు సరుకెత్తే కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. రాజీ కుదరగానే ఆ బర్మీయులను పంపేసి పాతవాళ్లను మళ్లీ తీసుకున్నాయి. దాంతో వీధుల్లో కొట్లాటలు మొదలై వంద మందికి పైగా పోయారు, అందులో ఎక్కువ మంది తెలుగువాళ్లే. లాభం స్టీమర్ కంపెనీలకు, మిల్లు యజమానులకు, వడ్డీ వ్యాపారులకు దక్కింది. తన్నుకున్నది మాత్రం రెండు ఒడ్ల కూలీలు. 1962లో సైనిక పాలన వచ్చి వ్యాపారాలను జాతీయం చేసింది. ఆ తర్వాత మిగిలిన కుటుంబాల్లో చాలా భాగం కాందిశీకులై తిరిగొచ్చాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అలా ఏర్పడిందే.

ఇప్పుడు ఆ దేశంతో మనకున్న లావాదేవీ ఇడ్లీ పిండిలో ఉంది. మయన్మార్‌లో పండే మినుముల్లో అధిక భాగం మన దేశానికే వస్తుంది. అక్కడి రైతు ఆ పంట వేసేటప్పుడు చూసుకునేది మన అవసరాన్నే. అయితే 2017లో మన ప్రభుత్వం పప్పుల దిగుమతికి ఉన్నట్టుండి పరిమితి పెట్టింది. ఇక్కడి రైతుకు ధర పడిపోకుండా చూడడానికి అది అవసరమే, కాదనలేం. అవతల మాత్రం పంట వేసేశాక కొనేవాడు తప్పుకున్నట్టయింది, ధరలు కుప్పకూలాయి. 2021లో రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. 2025-26 వరకు ఐదేళ్ల పాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు తీసుకుంటామని భారత్ హామీ ఇచ్చింది. పొరుగు దేశాల మధ్య వ్యాపారానికి అసలు పునాది ఇలాంటి ముందస్తు మాటే అని నాకనిపిస్తుంది. ఎంత కొంటామో, ఎప్పటిదాకా కొంటామో విత్తనం వేసేనాటికే అవతలి రైతుకు తెలియాలి.

రెండోది డబ్బు చేతులు మారే పద్ధతి. రెండు పేద దేశాల వ్యాపారులు డాలర్లలో లెక్క తేల్చుకోవాలంటే ఇద్దరూ ముందు డాలర్లు వెతుక్కోవాలి. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో మళ్లీ సైనిక తిరుగుబాటు వచ్చాక అక్కడ డాలర్లకు కటకట పెరిగింది. అందుకే 2024లో మన రూపాయి, మయన్మార్ క్యాట్ మధ్య నేరుగా చెల్లింపులు జరిగే ఏర్పాటు మన దేశపు బ్యాంకు ఒకదాని ద్వారా మొదలైంది. వార్తల్లో దీనికి పెద్దగా చోటు దక్కలేదు. శంకుస్థాపనకైతే వేదిక ఉంటుంది, బ్యాంకు ఖాతాకు వేదికెక్కడిది!

ఇక రేవు. ఓడ నడిచే లెక్క సంతకు వెళ్లే బండి లెక్కే. నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొస్తే రానూపోనూ ఖర్చంతా ఒకవైపు సరుకు మీదే పడుతుంది. టెక్కలి, కోటబొమ్మాళి చుట్టుపక్కల తీసే నీలి గ్రానైట్ విదేశాలకు వెళ్తోంది, కానీ దాన్ని కొనేది ఎక్కువగా దూరదేశాలే, బర్మా కాదు. బర్మాకు కావాల్సింది మందులు. ఆ దేశం మన దగ్గర కొనే సరుకుల్లో మందులు ముఖ్యమైనవి. మన జిల్లాలోనే పైడిభీమవరంలో పెద్ద మందుల ఫ్యాక్టరీలున్నాయి. అటు మందులు, ఇటు మినుములు అని కాగితం మీద జత బాగానే కుదురుతుంది. అయితే మందులు కంటైనర్లలో వెళ్తాయి. రాళ్లు, బొగ్గు ఎత్తే బెర్తు వాటికి సరిపోదు. కంటైనర్ ఓడ ఒక చిన్న రేవులో ఆగాలంటే వారం వారం నమ్మకంగా సరుకు దొరకాలి. అది దొరికేదాకా మన జిల్లా మందులు వేరే పెద్ద రేవుల దారే పడతాయి.

బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల కోసం 1997లో పుట్టిన బిమ్స్‌టెక్ కూటమి ఇలాంటి అడ్డంకుల గురించే మాట్లాడుతోంది. 2019 నవంబర్‌లో దాని రేవుల సదస్సు విశాఖలోనే జరిగింది. థాయ్‌లాండ్‌లోని రనాంగ్ రేవుతో విశాఖ రేవు ఒక అవగాహన పత్రం కూడా రాసుకుంది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో సముద్ర రవాణా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఇన్నేళ్లకు ఇంతేనా అంటే, ఇంతే.

మరి సంస్కృతి సంగతేమిటి? వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గుర్తించిన బౌద్ధ క్షేత్రం అది, కళింగపట్నం రేవుకు దగ్గరే. బర్మా బౌద్ధుల దేశం. యాత్రికులు బుద్ధగయకు వస్తారు, సారనాథ్‌కు వస్తారు. ఈ దిబ్బ మీదికి వాళ్లను రప్పించడానికి ముందు కావాల్సింది బస, బర్మీయంలో నాలుగు మాటలు చెప్పగల మనిషి. మయన్మార్‌లో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. ఇక్కడి బర్మా కాలనీల్లో ఆ భాష విని పెరిగిన పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. రెండు ఒడ్ల మధ్య దుబాసీలు కాగలిగిన వాళ్లు వాళ్లే. వాళ్లను పిలిచి అడిగిన పథకం ఏదీ నా కంటపడలేదు.

ఒక చిక్కు మాత్రం తేలలేదు. మన దగ్గర వరి కోతల వేళ మడిలో చల్లే మినుము ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటికొస్తుంది. బర్మాలోనూ కోతలు ఇంచుమించు అప్పుడే. రెండు పంటలు ఒకే నెలలో ఒకే మార్కెట్‌కు వస్తే ముందు నలిగేది కోటబొమ్మాళి రైతే. అందుకని 2021 ఒప్పందం గడువు తర్వాత రాసుకునే కొత్త ఒప్పందంలో ఎన్ని టన్నులన్నది ఎంత ముఖ్యమో, ఏ నెలలో ఎంత దిగాలన్నదీ అంతే ముఖ్యం. ఆ పట్టిక తయారయ్యే గదిలో ఇక్కడి మినుము రైతుల తరఫున కూడా ఒకరు కూర్చోవాలి.