ఎడం పెరిగితే మాను లావు: కలప తోటల్లో నాటే దూరం లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కిష్టారం పరిసర అడవుల్లో టేకును ఎవరూ కొలత పట్టి నాటలేదు. మొలిచిన మొక్కల్లో వెలుగు అందినవి నిలుస్తాయి, తక్కినవి నీడలోనే చస్తాయి. సరిహద్దుకు ఇవతల, తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా తోటల్లో మాత్రం చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరాన్ని రైతే నిర్ణయించాలి. ఆ నిర్ణయం ఫలితం ఏళ్ల తర్వాత గాని తెలియదు.

రెండు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 1,000 మొక్కలు, మూడు మీటర్లయితే 450 పడతాయి. ఒకే నేలలో ఈ రెండు తోటల ఎత్తులో పెద్ద తేడా ఉండదు. ఎత్తును ప్రధానంగా నేల సారం, తేమ నిర్ణయిస్తాయి. తేడా అంతా మాను లావులోనే. దగ్గరగా ఉన్న చెట్ల కొమ్మలు త్వరగా కలిసిపోతాయి. ఒక్కో చెట్టుకు దక్కే వెలుగు, నీరు తగ్గి కాండం సన్నగా మిగులుతుంది. దక్షిణాఫ్రికాలో 1930లలో మొదలై, పైన్, యూకలిప్టస్ చెట్లను దశాబ్దాలపాటు కొలిచిన ప్రయోగాల్లో తేలిందీ ఇదే. గట్టు మీది టేకు తోట నడుమ టేకుకన్నా లావుగా ఉండటానికి కారణం వేరే వెతకనక్కరలేదు.

ఎత్తు సమానమైన రెండు చెట్లలో ఒకదాని వ్యాసం రెండింతలుంటే కలప దాదాపు నాలుగింతలు. దూలానికి, తలుపు చెక్కకు ఆ లావే కావాలి. కాగితపు గుజ్జుకు ఈ పట్టింపు లేదు. భద్రాచలం దగ్గరి సారపాక కాగితపు మిల్లుకు వెళ్లే కర్రకు టన్నుల్లోనే తూకం. కనుక నాలుగైదేళ్లకే నరికే జామాయిల్‌ను దగ్గరగా వేయడం నష్టం కాదు.

అలాగని టేకును మొదటినుంచే మరీ ఎడంగా వేసినా చిక్కే. పక్కకొమ్మలు బలిసి కలపలో ముడులు పడతాయి, కలుపు పెరుగుతుంది. అందుకే రెండు మీటర్లకు ఒకటి చొప్పున నాటి, కొమ్మలు కలిసే వేళకు ఐమూల వరుసల్లో ఒకటి విడిచి ఒకటి తీసేసే పద్ధతి వచ్చింది. సగం చెట్లు పోతాయి. మిగిలినవాటి మధ్య ఎడం సుమారు 2.8 మీటర్లవుతుంది. తర్వాతి విడతల్లో వంకరవాటిని, బలహీనమైనవాటిని ఏరివేస్తారు.

రైతుకు కష్టమనిపించేది ఇక్కడే. ఆరోగ్యంగా ఉన్న చెట్టును నరకడానికి చేయి రాదు. నరికినా సన్నని వాసాలకు పెద్ద ధర పలకదు. పైగా టేకు నరికివేతకు, తరలింపునకు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఈలోగా ఏళ్లు గడిస్తే తల కుంచించుకుపోయిన చెట్లు, ఆ తర్వాత చోటు దొరికినా వెంటనే లావెక్కలేవు.