పెట్రోలు ఆవిరి నియంత్రణ వ్యవస్థ

పెట్రోలు ఆవిరి నియంత్రణ వ్యవస్థ అనునది కారు ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరిని గాలిలో కలియనీయక పట్టి ఉంచి, తరువాత ఇంజనులో మండించే ఏర్పాటు. మెకానిక్కులు దీనిని ఈవ్యాప్ సిస్టమ్ అంటారు. పొగగొట్టముతో దీనికి సంబంధము లేదు. కనుక పొగ పరీక్షలో నెగ్గి కాలుష్య ధ్రువపత్రము పొందిన కారులో కూడ ఈ వ్యవస్థ చెడిపోయి ఉండవచ్చును.

చరిత్ర

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో 1970 మోడలు కార్ల నుండి, ఆ దేశమంతటా 1971 మోడలు నుండి ఈ వ్యవస్థ తప్పనిసరి అయినది. భారతదేశములో భారత్ స్టేజ్ ప్రమాణములు దీనికి వర్తిస్తాయి. హైదరాబాదులో మూడవ స్టేజ్ 2005 ఏప్రిల్ నుండి, నాలుగవది 2010 ఏప్రిల్ నుండి, ఆరవది 2020 ఏప్రిల్ నుండి అమలైనవి. ఆరవ స్టేజ్ ప్రకారము, కారును మూసిన గదిలో నిలిపి జరిపే పరీక్షలో వెలువడే ఆవిరి 2 గ్రాములకు మించరాదు.

నిర్మాణము, పనిచేయు విధానము

ట్యాంకులోని ఆవిరి ఒక గొట్టము ద్వారా బొగ్గు డబ్బాకు చేరుతుంది. ఇందులోని ఉత్తేజిత బొగ్గు ఆవిరిని పీల్చుకొని నిలువ ఉంచుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కారు కంప్యూటరు పర్జ్ వాల్వును తెరుస్తుంది. అప్పుడు ఇంజను పీల్పు వలన బయటి గాలి డబ్బా గుండా ప్రవహించి, ఆవిరిని ఇంజనులోనికి తీసుకొనిపోతుంది. విద్యుత్తు అందనప్పుడు పర్జ్ వాల్వు మూసుకొని ఉండవలెను.

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములో

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన ఈ ప్రాంతము రాతి కొండలపై ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో హైదరాబాదు ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. స్టూడియోల వద్ద చిత్రీకరణ ముగిసే వరకు ఎండలో నిలిచి ఉండే కార్ల ట్యాంకులు వేడెక్కి, ఇంజను నడవకున్నను ఆవిరి పుడుతూనే ఉంటుంది. అటువంటి కారులో దోషమున్నచో రాత్రి అపార్టుమెంటు సెల్లారులో పెట్రోలు వాసన నిండుతుంది. ఈ ఆవిరిలో క్యాన్సరు కారకమైన బెంజీను ఉంటుంది. గాలి ఆడని చోట నిప్పంటుకొనే ప్రమాదము కూడ కలదు. బయటి గాలిలో ఈ ఆవిరి ఎండ సమక్షములో నైట్రోజన్ ఆక్సైడులతో కలిసి ఓజోను కాలుష్యమునకు దారి తీస్తుంది.

లక్షణములు

* కారు చుట్టూ పెట్రోలు వాసన.
* పెట్రోలు పోయించిన వెంటనే ఇంజను స్టార్టు కాకపోవుట. పర్జ్ వాల్వు తెరుచుకొని బిగిసిపోయినదనుటకు ఇది ముఖ్యమైన గుర్తు.
* బంకులో నాజిల్ మాటిమాటికి ఆగిపోవుట. గాలి మార్గము మూసుకొనిపోయినప్పుడు ఇట్లు జరుగును.
* చెక్ ఇంజన్ దీపము వెలుగుట. అయితే భారతీయ నిబంధనల ప్రకారము కంప్యూటరు కనీసముగా వాల్వు యొక్క విద్యుత్ వలయమును గమనించిన చాలును. అందుచేత ఆవిరి కారుతున్నను దీపము వెలగకపోవచ్చును.

దోష నిర్ధారణ

చవకైన పరీక్షతో మొదలుపెట్టుట మేలు. ముందుగా ట్యాంకు మూత రబ్బరు రింగు పగిలినదా, మూత టక్కుమను వరకు బిగుస్తున్నదా చూడవలెను. తరువాత ఎండకు బీటలు వారిన గొట్టములను, వదులైన క్లిప్పులను పరిశీలించవలెను.

పర్జ్ వాల్వును పరీక్షించుటకు దాని విద్యుత్ కనెక్టరు తీసి, చేతి వాక్యూమ్ పంపు తగిలించవలెను. పీల్పు నిలువనిచో వాల్వు మూసుకొనుట లేదని అర్థము. అనేక కార్లలో వాల్వు తీగచుట్ట నిరోధము 20 నుండి 40 ఓములు ఉంటుంది. సరియైన అంకె ఆ కారు సర్వీసు పుస్తకములో లభిస్తుంది.

స్కానరులో పి0441 ఆవిరి ప్రవాహ లోపమును, పి0442 చిన్న కారుటను, పి0455 పెద్ద కారుటను, పి0443 వాల్వు విద్యుత్ వలయ లోపమును సూచిస్తాయి. కోడు దోషము ఏ భాగములో వెదకవలెనో చెప్పునే గాని, ఏ వస్తువు మార్చవలెనో చెప్పదు. కారుచున్న చోటు దొరకనప్పుడు స్వల్ప పీడనముతో పొగ ఎక్కించు యంత్రమును వాడతారు; పొగ వెలువడిన చోటే చిల్లు. టైర్లకు గాలి కొట్టే కంప్రెషరును ఇందుకు వాడరాదు.

అమెరికాలో 1996 నుండి అమ్ముడవుతున్న కార్ల కంప్యూటర్లు సాధారణముగా చిల్లులను కూడ కనిపెడతాయి. దీపము వెలుగుతున్న కారు కాలిఫోర్నియా స్మాగ్ పరీక్షలో నెగ్గదు. కావున అక్కడి తెలుగువారికి ఈ కోడులు సుపరిచితములు.

మరమ్మత్తు, జాగ్రత్తలు

మూత, గొట్టము, వాల్వులలో చెడినదానిని మాత్రమే మార్చవలెను. బొగ్గు డబ్బా ఖరీదైనది కనుక మిగిలినవన్నీ పరీక్షించిన పిదపనే దానిని మార్చుట ఉచితము. అది చెడుటకు ముఖ్య కారణము ట్యాంకును అతిగా నింపుట. నాజిల్ దానంతట అది ఆగిన తరువాత బిల్లు రౌండు ఫిగరు చేయుటకై మరికొంత పోసినచో ద్రవ పెట్రోలు డబ్బాలోనికి చేరి బొగ్గును తడుపుతుంది.

కారు క్రింద పెట్రోలు చుక్కలు కనబడినచో అది ఆవిరి దోషము కాక పెట్రోలు గొట్టపు దోషము కావచ్చును. అప్పుడు ఇంజను స్టార్టు చేయక, కారును సెల్లారు నుండి బయటకు నెట్టించి మెకానిక్కును పిలువవలెను.