గ్యాస్ షాక్‌లకి డబ్బులు తీస్తున్నారా? ముందు గాలి చూడండి!

స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదిగానే దించారు. అయినా వెనక నుంచి ‘ఠక్’మని శబ్దం. ఆ దెబ్బ సూటిగా నడుముకే. వెనక కూర్చున్న ఫ్రెండ్ ‘బండా ఇది? ఎడ్లబండా?’ అంటాడు. సెకండ్ హ్యాండ్‌లో వంద సీసీ బైకు కొనుక్కుని కాలేజీకి వెళ్లేవాళ్లకీ, పొద్దుగూకులూ సీటు మీదే ఉండే డెలివరీ కుర్రాళ్లకీ ఇది తెలిసిన బాధే. వెంటనే తట్టే ఆలోచన కూడా ఒక్కటే... గ్యాస్ షాక్‌లు వేయించేద్దాం!

మూడేళ్ల కిందట నేనూ అదే చేశా. పక్కన పసుపు రంగు డబ్బా ఉన్న జత చూసి పడిపోయా. ఓ నెల కాలర్ ఎగరేశా. నాలుగో నెలకి రాడ్ వెంట ఆయిల్ కారింది. విప్పి చూస్తే ఆ డబ్బాలో గ్యాస్ లేదు, ఏమీ లేదు. సోకు కోసం అతికించారంతే! అసలు బాధ అది కూడా కాదు. తీసేసిన పాత షాక్‌లు బాగానే ఉన్నాయి. టైర్‌లో గాలే ఎక్కువుంది.

అందుకే మీరు అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఒంటరిగా వెళ్తే ఎంత గాలి ఉండాలో, ఇద్దరెక్కితే ఎంతో చైన్ కవర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. బంకులో కుర్రాడు ‘నలభై కొట్టేయనా అన్నా?’ అంటే తలూపకండి. టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించుకోండి.

తర్వాతది పైసా ఖర్చు లేని పని. స్ప్లెండర్‌లాంటి బైకులకి వెనక షాక్‌ల అడుగున మెట్లు మెట్లుగా ఉండే కాలర్ ఉంటుంది. మొత్తం ఐదు మెట్లు. టూల్‌కిట్‌లోని కొక్కెం పానాతో తిప్పొచ్చు. చాలామంది దీన్ని తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందనుకుంటారు. అది అపోహ. స్ప్రింగ్ అదే, దాని బలమూ అదే. మీరు కూర్చున్నాక బండి ఎంత కిందికి దిగాలన్నదే మారుతుంది. ఐదో మెట్టు మీద ఉన్న బండిని బక్కపలచని కుర్రాడు ఒక్కడే నడిపితే ఒళ్లు హూనమే. రెండువైపులా ఒకే మెట్టు ఉండాలి సుమా. సెకండ్ హ్యాండ్ బండ్లలో కుడి ఒకలా, ఎడమ ఒకలా ఉండటం చాలాసార్లు చూశా.

ఏ మెట్టు సరైందో టేపుతో తేల్చుకోవచ్చు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి సీటు అంచు దాకా కొలవండి. తర్వాత స్టాండ్ తీసి మీరు కూర్చోండి, ఫ్రెండ్‌ని మళ్లీ అక్కడే కొలవమనండి. ఈ రెండింటికీ తేడా, చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరంలో పావు నుంచి మూడో వంతు ఉంటే చాలు. ఆ దూరం 90 మిల్లీమీటర్లు అనుకుంటే తేడా 23 నుంచి 30 మధ్య రావాలి. అంతకన్నా ఎక్కువ దిగితే ఓ మెట్టు పెంచండి, తక్కువైతే తగ్గించండి.

ఇన్ని చేసినా దెబ్బ తగ్గలేదా? అయితే షాక్‌లనే అనుమానించాలి. దెబ్బని మోసేది స్ప్రింగ్, ఆ తర్వాతి ఊపుని ఆపేది లోపలి ఆయిల్. సీటుని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఓసారి పైకి లేచి ఆగితే మంచిదే. రెండుమూడుసార్లు ఊగిందంటే ఆయిల్ పని అయిపోయినట్టే. రాడ్ మీద జిడ్డు కనిపించినా అంతే. ఒకటే కారుతున్నా జతగానే మార్చాలి. శబ్దం మాత్రమే వస్తుంటే ముందు రబ్బరు బుష్‌లు చూపించండి, అవి చవకే.

కొనేటప్పుడు పొడవు ముఖ్యం. పై బోల్టు రంధ్రం మధ్య నుంచి కింది రంధ్రం మధ్య దాకా పాతవి ఎంతున్నాయో కొత్తవీ అంతే ఉండాలి. పొడుగువి వేస్తే వెనక భాగం లేచి హ్యాండిల్ తీరు మారిపోతుంది, సైడ్ స్టాండ్ మీద బండి మరీ ఒరుగుతుంది. పొట్టివి వేస్తే గుంతలో టైరు మడ్‌గార్డ్‌కి తగలొచ్చు. నిజమైన గ్యాస్ షాక్‌లో నైట్రోజన్ ఉంటుంది. ఎడతెగని కుదుపులకి ఆయిల్ వేడెక్కి నురగ కట్టకుండా చూడటమే దాని పని. గతుకుల రోడ్ల మీద గంటల తరబడి తిరిగేవాళ్లకి లాభమే. ఇంటికీ కాలేజీకీ మధ్య ఐదు కిలోమీటర్లయితే మామూలు కంపెనీ జతే దండగ లేని బేరం. ఎండ్యూరెన్స్, గాబ్రియేల్, ముంజాల్ షోవా లాంటివి బైక్ కంపెనీలకే షాక్‌లు సరఫరా చేస్తాయి. హైదరాబాద్ పుత్లీబౌలిలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా మీ మోడల్ పేరు, తయారైన సంవత్సరం చెప్పి అడగండి. బిల్లు తీసుకోండి. నకిలీ అని తేలితే అదే ఆధారం.

మోనోషాక్ బైకైతే మాత్రం ఇంట్లో విప్పకండి, దాని లెక్క వేరు. వారంటీలో ఉన్న కొత్త బండైతే సర్వీస్ సెంటర్‌లో అడగకుండా ముట్టుకోవద్దు.

బిగించిన రోజే చైన్ వదులు చూపించుకోండి, వారం తిరిగాక బోల్టులు ఓసారి బిగించండి. పాత జత బాగుంటే పాత సామాన్లవాడికి వేయకండి. రేపు బండి అమ్మేటప్పుడు అవి తిరిగి బిగించి, కొత్తవి మీ తర్వాతి బైక్‌కి సరిపోతాయేమో కొలిచి చూసుకోవచ్చు.