మార్పు కబురు... ముందు మనవాళ్లకే!

"టీచరమ్మా, వచ్చే ఏడాది మీ బడి బైపాసు రోడ్డుకి మారిపోతోందటగా? చిన్న పిల్లల క్లాసులు ఎత్తేస్తారటగా?"

ఆటో డ్రైవరు ఈ మాట అడిగేదాకా మా పక్కింటావిడకి ఆ సంగతే తెలీదు. ఆ ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్లుగా ఒకటో తరగతికి పాఠాలు చెబుతోందావిడ. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ కూడా తాగలేదు. "ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఆ దిగులు ఎలాగూ ఉంది వదినగారూ. కానీ ఆటో అబ్బాయికి తెలిసిన సంగతి నాకు చెప్పాలని వాళ్లకి అనిపించలేదా?" అంది.

ఆవిడ బాధంతా ఆ ఆఖరి ప్రశ్నలోనే ఉంది. మార్పు కష్టమే. కానీ ఆ కబురు బయటివాళ్ల నోట వినాల్సి రావడం అంతకన్నా కష్టం. బడి కావచ్చు, బ్యాంకు కావచ్చు, పొదుపు సంఘం కావచ్చు, నలుగురు అమ్మాయిలు పనిచేసే టైలరింగ్ షాపు కావచ్చు. మార్పు తెచ్చేవాళ్లు ఎన్ని నెలలు ఆలోచించి తెచ్చినా, చెప్పే తీరు సరిగా లేకపోతే అంతా రసాభాసే!

కబురొకటి... సందేహాలెన్నో

మనందరికీ తెలిసిన ఉదాహరణే చూద్దాం. పది ప్రభుత్వ బ్యాంకులను కలిపి నాలుగు చేస్తున్నట్టు 2019 ఆగస్టు 30న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఆ పదింటిలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన బ్యాంకు అది. తెలుగువాళ్లకి అందులో ఉన్నది ఖాతా ఒక్కటే కాదు, ఓ రకం చుట్టరికం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయాయి. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజులవి.

ఇలాంటప్పుడు ఎవరి ప్రశ్న వాళ్లది. కౌంటర్లో కూర్చునే అమ్మాయికి బదిలీ భయం. పింఛను తీసుకునే మామ్మగారికి పాసుబుక్కు చెల్లుతుందా అని బెంగ. ఇల్లాలికి గ్యాసు సబ్సిడీ ఏ ఖాతాలో పడుతుందోనన్న అనుమానం. షేర్లు కొన్నవాళ్లకి తమ వెయ్యికి ఎన్ని వస్తాయన్న లెక్క. ఆ లెక్క స్పష్టంగానే ప్రకటించారు, వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకి 325 యూనియన్ బ్యాంకు షేర్లు. ఒక్క ఉద్యోగం కూడా పోదని మంత్రి భరోసా ఇచ్చారు. అది పెద్ద భయాన్ని తీర్చే మాటే. కానీ మామ్మగారి ప్రశ్నకి అది జవాబు కాదు కదా! అందుకే అందరికీ కలిపి ఒకే ప్రకటన ఇస్తే చాలదు. ఎవరి సందేహానికి వాళ్లకి వేరే జవాబుండాలి.

ఇంకో సంగతి. పేరు మారింది 2020లో అయినా, పాత చెక్కుబుక్కులు, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌ల గడువు ముగిసింది 2021 మార్చి 31న. అంటే మార్పు ఒక్క రోజులో అయిపోయేది కాదు. మొదటి రోజు చెప్పి ఊరుకుంటే, ఏడాది తర్వాత అమ్మాయి ఫీజుకిచ్చిన చెక్కు వెనక్కి వచ్చినప్పుడు గానీ చాలామందికి తెలిసిరాదు.

'ఎందుకు' అన్నది దాచొద్దు

2013 నవంబరులో ఆడవాళ్ల కోసమని భారతీయ మహిళా బ్యాంకు మొదలైంది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుతో పాటు దాన్నీ స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిపేశారు. "మనకోసం పెట్టినదాన్ని మళ్లీ ఎందుకు తీసేస్తున్నారు?" అని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి ప్రభుత్వం ఓ లెక్క చెప్పింది. మూడేళ్లలో మహిళా బ్యాంకు స్త్రీలకిచ్చిన రుణాలు 192 కోట్ల రూపాయలు, స్టేట్ బ్యాంకు గ్రూపు ఇచ్చినవి దాదాపు 46 వేల కోట్లు. ఈ వాదన నచ్చచ్చు, నచ్చకపోవచ్చు. కానీ లెక్క ముందుంటే ఒప్పుకోవడానికైనా, ఎదురు ప్రశ్న వేయడానికైనా వీలుంటుంది. ఏ కారణమూ చెప్పకపోతే ఆ ఖాళీలో పుకార్లు వచ్చి కూర్చుంటాయి.

మీరే చెప్పాల్సి వస్తే...

రేపు మీరే హెడ్మిస్ట్రెస్సో, సూపర్‌వైజరో, సంఘం లీడరో, షాపు యజమానో కావచ్చు. అప్పుడు ఈ నాలుగు సంగతులూ గుర్తుంచుకోండి.

ముందు లోపలివాళ్లకి: మొదట పనిచేసేవాళ్లకి, తర్వాత తల్లిదండ్రులకో ఖాతాదారులకో, ఆ తర్వాతే పత్రికకీ నోటీసు బోర్డుకీ. ఇది మర్యాదే కాదు, చట్టం కూడా. జీతం, పనివేళలు, సెలవులు లాంటివి మార్చాలంటే కార్మికులకి 21 రోజుల ముందు నోటీసివ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే చెప్పింది. 2020లో తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ 21 రోజుల మాట ఉంది.

తెలీనిది తెలీదనండి: "ఎవరు ఎక్కడికి వెళ్లాలో ఇంకా తేల్చలేదు, ఫలానా తారీఖుకి చెబుతాం" అంటే జనం ఓపిక పడతారు. "ఏం ఫరవాలేదు, అంతా మన మంచికే" అంటేనే అనుమానం పుడుతుంది. చెప్పిన తారీఖు మాత్రం తప్పొద్దు. ఆ రోజుకీ తేలకపోతే ఆ మాటే చెప్పండి.

దగ్గరివాళ్లతో చెప్పించండి: పెద్ద సారు మైకు పట్టుకుని చెప్పింది సగమే బుర్రకెక్కుతుంది. "నా సంగతేంటండీ?" అని అడిగేది రోజూ కనిపించే సూపర్‌వైజరునే. కాబట్టి సూపర్‌వైజర్లకి ముందే అన్నీ వివరంగా చెప్పి, వచ్చే ప్రశ్నలకి జవాబులు సిద్ధం చేయించండి.

అడగనివ్వండి: ఆడవాళ్లలో చాలామంది నిండు సభలో నోరు విప్పరు. కొత్త చోటికి బస్సుందా, సాయంత్రం ఆలస్యమైతే పిల్లాడిని ఎవరు చూస్తారు, ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ల మాటేమిటి... ఇవి అసలైన ప్రశ్నలు. అయిదారుగురిని కూర్చోబెట్టి మాట్లాడండి. పేరు రాయకుండా చీటీ వేయమన్నా మంచిదే. వాటిలో ఒక్కటైనా మీ నిర్ణయాన్ని మార్చగలిగితే, మీరు నిజంగా విన్నారని నమ్ముతారు.

ఇంతకీ మా పక్కింటావిడ సంగతి! ఊళ్లో గోల ముదిరి, నలుగురైదుగురు తల్లులు టీసీలకి వచ్చాక గానీ హెడ్మిస్ట్రెస్ టీచర్లని పిలవలేదు. పిలిచాక మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారట. హైస్కూలు మాత్రమే కొత్త భవనానికి వెళుతుంది, అయిదో తరగతి వరకూ ఇక్కడే. పిల్లలు తగ్గడం వల్ల రెండు సెక్షన్లు కలుపుతారు. దాంతో ఒక టీచరు ఎక్కువవుతారు. అది ఎవరన్నది ఏప్రిల్ 15లోగా చెబుతామన్నారు. "ముందే మీతో చెప్పాల్సింది, పొరపాటు మాదే" అని కూడా అన్నారట.

ఆ ఒక్కరూ తనే కావచ్చని ఆవిడకి తెలుసు. అయినా ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, "కాస్త కాఫీ ఇవ్వండి వదినగారూ" అని అడిగి మరీ తాగింది. "ఏది ఎదురైనా ఇప్పుడు సిద్ధపడగలను. పక్క స్కూల్లో కూడా ఓ మాట అడిగి ఉంచుతాను" అంది.

నిజం చేతికందితే మనిషి తన దారి తను చూసుకోగలదు. ఆ కాస్త వ్యవధి ఇవ్వడమే పెద్దరికం.