ఖత్నాకు ముందు బిడ్డ ఒంటిని పరికించండి

ఖత్నా సున్నత్. బిడ్డ ప్రాణం అల్లాహ్ మనకప్పగించిన అమానత్. కనుక చెరుకుపల్లి పరిసర కుటుంబాలకు మా విన్నపం: విందుకు తేదీ నిర్ణయించేముందు బిడ్డ ఒంటిని పరికించండి.

వైరస్ జ్వరం తగ్గిన కొద్ది వారాలకు కొందరు పిల్లలలో రోగనిరోధక వ్యవస్థ పొరపడి, రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లనే నాశనం చేస్తుంది. ఘన మిల్లీమీటరు రక్తంలో 1,50,000కు పైగా ఉండవలసినవి కొన్ని వేలకు పడిపోవచ్చు. చర్మంపై సూదిమొనంత ఎర్రచుక్కలు, దెబ్బ తగలకనే కమిలిన మచ్చలు, ముక్కునుండి రక్తం దాని సూచనలు. అప్పుడు రక్తపరీక్ష చేయించి, వైద్యుడు సమ్మతించేవరకు ఖత్నా వాయిదా వేయాలి. చాలామంది పిల్లలకు కొద్ది మాసాలలో నయమవుతుంది.

మేనమామలకు, అన్నలకు రక్తం ఆగని జబ్బున్నా వైద్యునికి చెప్పాలి. చిన్న గాయానికే మగవారు రక్తం కారి మరణించడాన్ని కార్డోబా వైద్యుడు అల్ జహ్రావీ వెయ్యేళ్ల క్రితమే వర్ణించారు.

ఖత్నా తర్వాత రక్తం ఆగకుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, వెంటనే తెనాలి లేదా గుంటూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లండి. సున్నత్ ఆలస్యంగానైనా నెరవేరుతుంది. పోయిన ప్రాణం తిరిగిరాదు.