బొంతగుడ్డలను దాచు విధము

కోయిలకుంట్ల ప్రాంతమున పాత చీరను పారవేయు ఇల్లు అరుదు. కట్టుటకు పనికిరాని చీరలు, పంచెలు, లుంగీలు మూటలో చేరును. పొలముపనులు తగ్గినప్పుడు ఆ మూట విప్పి, గుడ్డలను పొరలుగా పరచి, అవ్వలు బొంత కుట్టుదురు. ఇంట కాన్పు ఉన్నచో మెత్తని చీరముక్కలతో పసిబిడ్డకు చిన్న బొంతలు ముందే సిద్ధమగును. కుట్టుటలో చూపు శ్రద్ధ గుడ్డను దాచుటలో కానరాదు. ఇందువలన గుడ్డ చెడుటయే కాదు, ఒక్కొక్కప్పుడు బిడ్డ ప్రాణమునకు ముప్పు వాటిల్లును. పంచాయతీ సభ్యులు ఈ సంగతిని గ్రామసభలో వివరింపదగును.

శుభ్రమైన నూలుగుడ్డను చిమ్మట సాధారణముగా ముట్టదు. దాని పిల్లపురుగు ఉన్నిని, పట్టును తినును. కావున గొర్రె కంబళిని నూలుగుడ్డలతో కలిపి ఉంచరాదు. గంజిపెట్టిన గుడ్డకు వెండిచేప అను రెక్కలులేని పురుగు చేరును. దాచబోవు గుడ్డకు గంజి పెట్టకుండుటయే దీనికి మందు. గుడ్డలను ఉతికి, బాగుగా ఎండనిచ్చి, వేడి తగ్గిన పిమ్మట మడతపెట్టవలెను. చెమ్మ మిగిలిన గుడ్డను ప్లాస్టిక్ సంచిలో బిగించినచో బూజు పట్టును.

బనగానపల్లె, బేతంచెర్ల గనుల నాపబండలు మన ఇండ్లలో అరలుగా అమరియున్నవి. చెదలు బండను తినలేవు గాని, గోడవెంట మట్టిదారి కట్టుకొని బండమీది మూటను చేరగలవు. కనుక మూటను గోడకు ఆనించరాదు. ట్రంకుపెట్టె ఉన్నచో ఇటుకలపై జానెడు ఎత్తున నిలుపుట మేలు. ఎలుకల బెడదయు తగ్గును. కారు మిద్దె క్రింద ఏ పెట్టెయు క్షేమము కాదు.

వేపాకు సంగతి పలువురు అడుగుదురు. ఎండిన ఆకు వేయవచ్చును. అది ఉన్నదని ఉతకని గుడ్డను దాచుట తగదు. పచ్చి ఆకు మరకపెట్టును.

ఇక కలరా ఉండలు. ఇవి నాఫ్తలీనుతో చేయబడినవైనచో, కరగకయే ఆవిరియై గుడ్డలో నిలుచును. జి-6-పి-డి అను ఎంజైము కొరతతో పుట్టిన శిశువులు కొందరుందురు. చూచినంతమాత్రమున వారిని గుర్తింపలేము. ఆ ఆవిరి ఊపిరితోగాని చర్మముద్వారాగాని లోనికి పోయినచో వారి ఎర్ర రక్తకణములు పగిలి, కామెర్లు ముదిరి, మెదడునకు శాశ్వతమైన హాని కలుగవచ్చును. ఇట్టి కేసులను గ్రీసు దేశపు వైద్యులు 1963లోనే ప్రకటించిరి. నాఫ్తలీను నూనెలో కరగును గనుక, నూనె రాచిన బిడ్డను అట్టి బొంతలో చుట్టుట మరింత ప్రమాదకరము. కొంతసేపు ఎండబెట్టినచో చాలుననుకొనరాదు. పసిబిడ్డకు ఉద్దేశించిన గుడ్డల మూటలో ఈ ఉండలను అసలే వేయరాదు. అవి మిఠాయిని పోలియుండుటచే ఆడుకొను పిల్లలు నోట వేసికొనుటయు కలదు.

పత్తికి, మిరపకు మందు కొట్టునప్పుడు ధరించిన లుంగీని, పురుగుమందు ఒలికిన సంచిని బొంతగుడ్డలలో కలుపరాదు. పొదుపు మంచిదే గాని ఈ ఒక్క గుడ్డను వదలుకొనవలెను.

గర్భిణి ఉన్న ఇంటికి అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు వెళ్ళినప్పుడు బొంతగుడ్డల పెట్టెను గూర్చి విచారించునట్లు సభ్యులు వారిని కోరవచ్చును. శిశువు కన్నులుగాని ఒళ్లుగాని పచ్చబడినను, పాలు త్రాగక మందముగా ఉన్నను, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోయి, ఇంట కలరా ఉండలు వాడిన సంగతిని వైద్యునకు తెలుపవలెను.